అరవై దాటాక కుండల పని: సారె మీద మొదలుపెట్టాలా, చేత్తోనా?

రిటైరైన రెండో ఏడు మా చెల్లెలి కూతురు నన్నొక వర్క్‌షాప్‌కి తీసుకెళ్లింది. రెండు గంటల కార్యక్రమం. కరెంటు సారె, అంటే కుమ్మరి చక్రం ముందు పొట్టి స్టూలు మీద కూర్చోబెట్టారు. నేర్పే అమ్మాయి నా చేతుల మీద తన చేతులు వేసి గిన్నె లేపింది. మూడు వారాల తర్వాత అది కాలి ఇంటికొచ్చింది, చాలా అందంగా ఉంది. కానీ అది నేను చేసింది కాదని నాకు తెలుసు. ఆ సాయంత్రం మోకాలు వాచి రెండు రోజులు మెట్లు దిగలేకపోయాను. మట్టి మీద మనసు మాత్రం పోలేదు.

ఆ తర్వాత నాలుగేళ్లుగా వారానికి రెండు రోజులు ఈ పనిలోనే ఉన్నాను. స్టూడియో క్లాసు, ఊళ్లో కుమ్మరివాళ్ల వాకిలి, ఇంట్లో బాల్కనీ, అమెరికాలో మా అబ్బాయి ఉండే చోట ఒక సెంటరు, అన్నీ చూశాను. నా వయసువాళ్లు ఫోన్ చేసి అడిగే మొదటి మాట ఒకటే: "వీల్ ఎక్కడ బాగా నేర్పుతారండీ?" నేను ఆ ప్రశ్నకు జవాబు చెప్పను. దాని బదులు రెండు అడుగుతాను. మీరు ఎంతసేపు, ఎలా కూర్చోగలరు? మీరు చేసినదాన్ని ఎవరు కాలుస్తారు? ఈ రెండూ తేలితే మిగతా ఎంపిక సగం అయిపోయినట్టే.

సారె సంగతి ముందు చెబుతాను, అందరి కళ్లూ దాని మీదే కాబట్టి. సారె మీద మొదటి అడ్డంకి మట్టిని నడిమికి తేవడం. తిరుగుతున్న ముద్ద చేతుల్ని అటూ ఇటూ తన్నకుండా, అసలు తిరగడం లేదేమో అనిపించేంత నిలకడగా అయ్యేదాకా అదిమి పట్టాలి. మోచేతులు తొడలకు ఆనించి ఒంటి బరువు మట్టి మీదకి పంపాలి. మణికట్టు బలంతో చేద్దామనుకుంటే గంటలో నొప్పి వచ్చేస్తుంది. ఇది చేతికి రావడానికి నాకు తొమ్మిది క్లాసులు పట్టింది. ఆ తొమ్మిది క్లాసుల్లో ఇంటికి తెచ్చుకున్నది ఏమీ లేదు. ప్రతిసారీ ముద్దని కోసి మళ్లీ బకెట్లో వేశాం. ఓపిక ఉన్నవాళ్లకి ఇది ఇబ్బంది కాదు. కానీ "ఈ వయసులో నాకేం వస్తుందిలే" అని లోపల భయం ఉన్నవాళ్లు నాలుగో వారానికి మానేస్తారు. నాతో చేరిన ఐదుగురిలో ముగ్గురు అలాగే మానేశారు. వాళ్లకి మట్టి నచ్చక కాదు, మొదలుపెట్టిన చోటే తప్పయింది.

చేత్తో కట్టే పనిలో మొదటిరోజే ఏదో ఒకటి నిలబడుతుంది. బత్తాయి అంత ఉండ తీసుకుని, అరచేతిలో పెట్టుకుని, బొటనవేలు మధ్యలోకి దించాలి. అడుగున పెన్సిల్ మందం మిగిలాక ఆపి, అక్కణ్నుంచి ఉండని కొంచెం కొంచెం తిప్పుతూ కింద నుంచి పైకి వేళ్లతో నొక్కుకుంటూ రావాలి. కజ్జికాయ అంచు మడిచిన చేతులకి ఈ కదలిక కొత్త కాదు. రెండో పద్ధతి మట్టిని తాళ్లలా పాముకుని ఒకదాని మీద ఒకటి చుట్టుకుంటూ పోవడం. పెద్ద కుండీలు ఇలాగే లేస్తాయి. మూడోది చపాతీ కర్రతో పలకలా ఒత్తి, కోసి, అతికించడం. ఇంట్లో మూలపడ్డ జంతికల గొట్టం ఉంటే ఒకే పెద్ద రంధ్రం ఉన్న బిళ్ల వేసి తాళ్లు దింపుకోవచ్చు. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకి అది పెద్ద సాయం. మట్టికి వాడిన గొట్టాన్ని మళ్లీ వంటింట్లోకి తీసుకెళ్లకండి, అంతే.

అతుకుల దగ్గర ఒక జాగ్రత్త ఉంది. రెండు ముక్కల్నీ పాత ఫోర్కుతో గీతలు గీసి, దోసెల పిండిలా పల్చగా కలిపిన మట్టి రాసి, అప్పుడు నొక్కాలి. ఉత్తగా నొక్కితే ఎండేటప్పుడే కప్పుకి చెవి ఊడిపోతుంది.

అందుకని నా సలహా: మోకాళ్లు, నడుము, మణికట్టు వీటిలో ఏ ఒక్కటి ఇబ్బంది పెడుతున్నా మొదటి మూడు నెలలు చేత్తో కట్టే పనే చేయండి. మామూలు బల్ల, వీపు ఆనే కుర్చీ చాలు. మధ్యలో లేచి నడవచ్చు, ముద్దని తడిగుడ్డ కింద పెట్టి కాఫీ తాగి రావచ్చు. సారె మీద ఆ వెసులుబాటు ఉండదు. కూర్చున్నాక నలభై నిమిషాలు ముందుకు వంగే ఉంటాం. ఒళ్లు బాగానే ఉండి, చిన్నప్పటి నుంచి సారె మీదే చేయి పెట్టాలనే కోరిక ఉంటే మాత్రం నేరుగా దానికే వెళ్లండి. అలాంటి కోరికని మూడు నెలలు వాయిదా వేయమని చెప్పడం న్యాయం కాదు. వెళ్లేముందు ఆ స్టూడియోలో సారెని ఇటుకల మీద ఎత్తు పెంచుతారా, నిలబడి పనిచేసే సారె ఉందా అని అడగండి. ఎడమచేతి వాటం వాళ్లయితే సారె రెండు వైపులా తిరుగుతుందా అని కూడా. కరెంటు సారెల్లో చాలావాటికి దిక్కు మార్చే స్విచ్ ఉంటుంది.

ఇక రెండో ప్రశ్న, కాల్చడం. దీన్ని ఎవరూ ముందు ఆలోచించరు. ఎండిన మట్టి గిన్నె గిన్నె కాదు. నీళ్లలో వేస్తే గంటలో మళ్లీ బురద. ఎర్రమట్టి వస్తువు సుమారు 900 నుంచి 1050 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుతుంది. స్టోన్‌వేర్ అనే గట్టి రకం మట్టికి 1200 దాటాలి. మన వంటింటి ఓవెన్ 250 దగ్గర ఆగిపోతుంది. కాబట్టి బట్టీ ఎవరి దగ్గరుందో వాళ్లతో సంబంధం లేకుండా ఈ హాబీ ముందుకు పోదు.

బట్టీ మీ తొందరని క్షమించదు. మొదటి ఏడాది అరచేతిలో పట్టే నంది బొమ్మ చేశాను, ముద్దగా, లోపలంతా నిండుగా. వారం ఎండింది, పైన తెల్లబడింది. బట్టీలో పేలింది. పక్కనున్న ఇంకొకావిడ కప్పు కూడా దాంతోపాటు పగిలింది. ఆవిడకి క్షమాపణ చెప్పాను, ఇంకో కప్పు చేసిచ్చాను. లోపల మిగిలిన తడి ఆవిరై, బయటికి దారిలేక మట్టిని చీల్చుకుని వచ్చింది. వినాయకచవితికి నిండు బొమ్మలు చేసిన అలవాటుతో చేశాను నేను. చవితి విగ్రహాన్ని కాల్చం, నిమజ్జనం చేస్తాం, అందుకే అది నిండుగా ఉన్నా నడుస్తుంది. కాల్చేదైతే లోపల బోలుగా తోడాలి, గోడ సెంటీమీటరు దాటకూడదు, అడుగున చిన్న రంధ్రం పెట్టాలి. ఎండిందో లేదో తెలియాలంటే వస్తువుని చెంపకి ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. మన ఎండాకాలంలో ఇంకో చిక్కు. పైన గంటలో ఎండి, అడుగు పచ్చిగా ఉండి, మధ్యలో చీలుతుంది. ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పి మూడు నాలుగు రోజులు నెమ్మదిగా ఆరనివ్వాలి.

ఇప్పుడు ఎక్కడ నేర్చుకోవాలన్నది. రెండు గంటల వర్క్‌షాప్‌ని నేను తీసిపారేయను. మట్టి చేతికి నచ్చుతుందా లేదా తేల్చుకోవడానికి అది చాలు. కొందరికి ఆ జిగురు, గోళ్లలో మట్టి అసలు పడవు. అది రెండు గంటల్లో తెలిసిపోవడం మంచిదే. నేర్చుకోవడం మాత్రం అక్కడ జరగదు.

వారం వారం క్లాసు ఉన్న స్టూడియో మన వయసుకి అన్నిటికంటే నప్పుతుందని నా అభిప్రాయం. హైదరాబాద్, విశాఖ లాంటి నగరాల్లో ఉన్నవాళ్లకి దొరకడం కష్టం కాదు. ఫీజు చూసి ఎంచుకోకండి. ఫీజులో మట్టి, రెండుసార్లు కాల్పు, గ్లేజ్ (పైన వేసే గాజులాంటి పూత) కలిసే ఉన్నాయా లేక కాల్పుకి వేరే తీసుకుంటారా అడగండి. తక్కువ ఫీజని చేరి, ప్రతి గిన్నెకీ కాల్పు ఖర్చు కట్టేసరికి ఎక్కువే అయినవాళ్లని చూశాను. ఒక టీచరుకి ఎంతమంది? ఆరుగురు దాటితే మనలాంటివాళ్లకి కష్టం, ఎందుకంటే చేయి పెట్టే తీరు పక్కన నిలబడి సరిదిద్దాల్సిందే. లిఫ్టు ఉందా, బాత్రూము ఆ అంతస్తులోనే ఉందా? సిగ్గుపడకుండా అడగండి. మట్టి సంచీ పది కిలోల నుంచి పాతిక కిలోల దాకా ఉంటుంది, దాన్ని ఎవరు ఎత్తుతారు? సంచీలో వచ్చే మట్టి తయారుగా ఉంటే పిసికే శ్రమ చాలా తగ్గుతుంది. వాడేసిన మట్టిని మళ్లీ పిసికి వాడమంటే మణికట్టుకి అదే పెద్ద పరీక్ష.

ఒకటి మాత్రం కళ్లారా చూసి రండి: నేల ఎలా శుభ్రం చేస్తున్నారో. పొడి చీపురుతో ఊడుస్తున్న చోట చేరకండి. ఎండిన మట్టి దుమ్ములో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. తడిగుడ్డతో తుడిచేవాళ్లే పని తెలిసినవాళ్లు. ఆస్తమా ఉన్నవాళ్లు గ్లేజ్ పొడి కలిపే గదికి దూరంగా ఉండాలి. ఇంట్లో చేసుకునేటప్పుడూ ఇదే పద్ధతి. చేతులు మాత్రం సింకులో కడగొద్దు. ముందు బకెట్లో కడిగి, మట్టి అడుక్కి చేరాక పై నీళ్లు పారబోయండి. లేకపోతే పైపు పూడుకుపోతుంది.

కుమ్మరి దగ్గర నేర్చుకోవడం గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే నాకు ఎక్కువ నేర్పింది అక్కడే. మా అత్తగారి ఊళ్లో కుమ్మరి ఇంట్లో డెబ్బై ఏళ్ల పెద్దావిడ ఉంది. ఆమె పక్కన పీట వేసుకుని కూర్చునేదాన్ని. చెరువు మట్టి ఎండబెట్టి, దంచి, జల్లించి, నానబెట్టి, కాళ్లతో తొక్కడం దాకా చూశాను. నా చేయి చూసి ఆమె అన్న మొదటి మాట: "అమ్మా, నీళ్లు ఎక్కువ పోస్తున్నారు." స్టూడియోలో ఆరు నెలలుగా నా గిన్నెల అడుగులు ఎందుకు చీలుతున్నాయో ఆ ఒక్క మాటతో అర్థమైంది. చేయి జారడం కోసం నేను పోస్తున్న నీళ్లే అడుగున నిలబడి మట్టిని మెత్తబరుస్తున్నాయి.

కానీ ఇది అందరికీ కుదరదు. పాతకాలం సారె నేల మీద ఉంటుంది, గొంతుక్కూర్చుని కర్రతో తిప్పాలి. మన మోకాళ్లు ఒప్పుకోవు. ఇప్పుడు చాలా ఇళ్లలో మోటారు సారెలు వచ్చాయి. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2018లో మొదలుపెట్టిన పథకం కింద కూడా కరెంటు సారెలు ఇస్తున్నారు. అలాంటి ఇల్లు దొరికితే కుర్చీ మీద కూర్చుని చేయొచ్చు. ఇంకో సంగతి, వాళ్లకిది జీవనం, మనకి కాలక్షేపం. వాళ్లు మనకి నేర్పే గంటలో పది కుండలు ఆగిపోతాయి. ఆ రోజు కూలి ఎంతో ముందే మాట్లాడుకుని ఇవ్వాలి, బేరం ఆడకూడదు. కాలం కూడా చూసుకోవాలి. మాఘం దాటితే ఎండాకాలం నీళ్ల కుండల పని, ఆషాఢంలో తెలంగాణలో బోనాల కుండలు, ఆ తర్వాత చవితి, దీపావళి ప్రమిదలు, కార్తీక దీపాలు. పెళ్లిళ్ల కాలంలో ఐరేని కుండలు. వానాకాలంలో ఆవం, అంటే కుమ్మరి బట్టీ, కాల్చడమే కష్టం. కార్తీకం వెళ్లాక సంక్రాంతి దాకా కొంచెం తీరిక ఉంటుంది, అప్పుడు వెళ్లండి. ఆవంలో మన గిన్నె కూడా పెట్టమంటే పెడతారు. అయితే కట్టెలు, పొట్టు మంటలో వేడి ఒక్కలా ఉండదు, నల్ల మచ్చలు వస్తాయి. ఆ మచ్చలంటే నాకు ఇష్టం.

ఇంట్లో, గాలికి ఆరే మట్టి ప్యాకెట్లతో మొదలుపెడతామంటారా? ఇల్లు కదల్లేనివాళ్లకి, ఎవరినైనా చూసుకుంటూ ఇంట్లోనే ఉండాల్సినవాళ్లకి అది మంచి దారి. బొమ్మలు, గోడకి తగిలించే పలకలు, మనవలతో బొమ్మల కొలువుకి కావలసినవి చేసుకోవచ్చు. కానీ అందులో నీళ్లు పోయలేం, తినేవి పెట్టలేం, నూనె పోసి ప్రమిదగా వెలిగించకూడదు. నాకు మూడు నెలల్లో విసుగొచ్చింది, ఎందుకంటే నాకు కావలసింది అన్నం తినే గిన్నె. ఇంట్లో సొంత బట్టీ మాట మొదటి రెండేళ్లు ఎత్తకండి. చిన్నదైనా దానికి విడిగా వైరింగ్ కావాలి, వేడిగాలి బయటికి పోయే చోటు కావాలి, గంటల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. ఇంట్లో చేసి, బాగా ఆరనిచ్చి, స్టూడియోలో డబ్బులిచ్చి కాల్పించుకోవడం అన్నిటికంటే నయం. కాకపోతే పచ్చి గిన్నెలు ఆటోలో తీసుకెళ్లడమంటే అప్పడాలు మోసినట్టే. నేను బియ్యం పోసిన డబ్బాలో గుచ్చి తీసుకెళ్తాను.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలుండే తల్లిదండ్రులకి ఒక మాట. అక్కడ చాలా ఊళ్లలో పార్కుల శాఖ, కమ్యూనిటీ సెంటర్లు ఆరు నుంచి పది వారాల కుండల క్లాసులు నడుపుతాయి. పెద్దవాళ్లకి ఫీజు తగ్గించే చోట్లూ ఉన్నాయి. పగటిపూట బ్యాచీలో ఎక్కువమంది మన వయసువాళ్లే. ఇంగ్లీషు అంతంతమాత్రం అని జంకకండి, ఈ పనిలో చూసి నేర్చుకునేదే ఎక్కువ. పిల్లలు ఆఫీసుకి వెళ్లాక గోడలు చూస్తూ గడిపే ఆ నెలల్లో నాకది ప్రాణం పోసింది. చివరి కాల్పు మీ తిరుగు ప్రయాణానికి రెండు వారాల ముందే అయ్యేలా చూసుకోండి.

ఎక్కువ రోజులు ఉండి నేర్చుకోవాలనుకునేవాళ్లు హిమాచల్‌లో కాంగ్రా లోయలోని ఆంద్రెట్టా, పుదుచ్చేరిలోని గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పేర్లు వింటారు. మన దేశంలో స్టూడియో కుండల పనికి పెద్దదిక్కు సర్దార్ గురుచరణ్ సింగ్. ఢిల్లీలో బ్లూ పాటరీ నడిపిన ఆయన తర్వాతి కాలంలో ఆంద్రెట్టా చేరారు. గోల్డెన్ బ్రిడ్జ్‌ని రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో మొదలుపెట్టారు. ఇంటిపని వదిలి వారాలు, నెలలు ఉండగలిగే ఆరోగ్యం ఉంటేనే అటు ఆలోచించండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి మొదటి మెట్టు అది కాదు.

"ఇప్పుడు మొదలుపెట్టి ఏం సాధిస్తాం" అనేవాళ్లకి బియట్రిస్ వుడ్ సంగతి చెబుతుంటాను. ఆవిడ అమెరికన్, 1893లో పుట్టారు. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ప్రసంగాలు వినడానికి హాలండ్ వెళ్లినప్పుడు మెరుపు పూత ఉన్న పళ్లేలు కొన్నారు. వాటికి జతగా టీపాట్ ఎక్కడా దొరకలేదు. తనే చేసుకుందామని 1933లో హాలీవుడ్ హైస్కూల్లో పెద్దవాళ్ల క్లాసులో చేరారు. అప్పటికి ఆవిడకి నలభై. మన దేశమంటే ప్రాణం, చీరలు కట్టుకునేవారు. నూరేళ్లు దాటాక కూడా మట్టి పని చేసి, 1998లో 105 ఏళ్ల వయసులో కన్నుమూశారు. మనందరం ఆవిడలా అవుతామని కాదు. ఒక టీపాట్ కావాలన్నంత చిన్న కోరికతో చేరినా చాలని చెప్పడానికే ఈ సంగతి.

ఏ మట్టి? మొదట ఎర్రమట్టి. చవక, మెత్తన, మన చేతులకి చిన్నప్పటి నుంచి తెలిసిన రంగు. కుండీలు, ప్రమిదలు, పెరుగు ముంతలు చేసుకోవచ్చు. కాల్చినా నీళ్లు పీల్చుకుంటుంది, ఆ గుణం వల్లే కుండలో నీళ్లు చల్లబడతాయి. రోజూ కడిగి వాడే కప్పులు, పళ్లేలు కావాలంటే స్టోన్‌వేర్‌కి మారండి, కానీ అది కాల్చే బట్టీ ఉన్న చోటే. అది ఆరి, కాలేసరికి నూటికి పది పన్నెండు వంతులు కుంచించుకుపోతుంది. పది సెంటీమీటర్ల కప్పు చేస్తే చేతికొచ్చేది తొమ్మిదికి కాస్త తక్కువ. కాఫీ సరిపోవాలంటే ముందే కొంచెం పెద్దగా చేయాలి. గ్లేజ్‌లో సీసం లేదని అడిగి రూఢి చేసుకోండి. అయినా సరే, మీరు చేసిన జాడీలో ఆవకాయ పెట్టకండి. ఉప్పు, పులుపు, నూనె నెలల తరబడి నిలవుంటే, సరిగా కాలని గ్లేజ్‌లోంచి ఏం దిగుతుందో కంటికి కనపడదు. ఊరగాయకి అమ్మమ్మ నాటి జాడీయే ఉండనివ్వండి.

షుగర్ ఉన్నవాళ్లు గోళ్లు కత్తిరించుకుని, ఉంగరాలు తీసి వెళ్లండి. వేళ్ల మీద కోత పడితే ఆ రోజు తడిమట్టి పట్టుకోవద్దు. పని అయ్యాక కొబ్బరినూనె రాసుకుంటే చర్మం పగలదు. పొద్దున వేళ్లు బిగుసుకునేవాళ్లు మధ్యాహ్నం బ్యాచీ అడగండి. కంటి ఆపరేషనో, మోకాలి ఆపరేషనో ఈమధ్యే అయితే డాక్టరుని అడిగాకే చేరండి.

ఇంతకీ ఏది ఎంచుకోవాలంటే: ఊళ్లో స్టూడియో ఉండి, ఖర్చు భరించగలిగితే, వారానికొక క్లాసు, చేత్తో కట్టే పని, మూడు నెలలు. ఆ తర్వాత ఒంట్లో సత్తువ చూసుకుని సారె. స్టూడియో దూరమైతే ఇంట్లో చేసుకుంటూ నెలకోసారి కాల్పించుకోండి. పల్లెకి దగ్గర్లో ఉంటే, శీతాకాలంలో కుమ్మరి ఇంటికి కూలి ఇచ్చి వెళ్లండి. స్టూడియో, కుమ్మరి ఇల్లు రెండూ కలిపి చేయగలిగితే అంతకంటే అదృష్టం లేదు.

మొదటి క్లాసుకి పాత నూలు తువ్వాలు, పాత ఫోర్కు, తినే సోడా ఖాళీ డబ్బా మూత ఒకటి పట్టుకెళ్లండి. ఆ మూతతో గుండ్రని అడుగులు కోసుకోవచ్చు. కొత్త పనిముట్ల సెట్టు కొనిపించబోతే వద్దనండి. చేసిన ప్రతిదాని అడుగునా పచ్చిగా ఉన్నప్పుడే సూదితో తేదీ, మట్టి పేరు గీయండి. నా దగ్గర మొదటి గిన్నె ఉంది, అడుగున 14-7 అని ఉంటుంది, అంచు ఒకవైపు వాలి ఉంటుంది. రోజూ దేవుడి దగ్గర తులసి ఆకులు అందులోనే పెడతాను.